ఇల్లు సర్దిపెట్టడం ఒక్కటే చాలదు, పక్కన కూర్చునే మనిషి కావాలి: ఇల్లు సర్దడం నేర్పేవారికి బహిరంగ లేఖ

ఇల్లు సర్దుకోవడం గురించి సలహాలిచ్చేవారికి, శిక్షణ ఇచ్చేవారికి, వీడియోలు చేసేవారికి,

నమస్కారం.

మీరు నేర్పిన వాటిలో మాకు పనికొచ్చినవి ఉన్నాయి. బట్టలు నిలువుగా మడిచి పెట్టడం, గదంతా ఒకేసారి నెత్తినేసుకోకుండా ఒక్క సొరుగుతో మొదలెట్టడం, టైమర్ పెట్టుకోవడం, ఇవన్నీ మీ దగ్గర నేర్చుకున్నవే, అందుకు థాంక్స్. ఇక అసలు విషయానికి వస్తాను. ఒక్కసారి సర్దిపెట్టిన ఇల్లు మళ్లీ నిండిపోతోంది, మాకు పక్కన తోడుండే మనిషి కావాలి అన్న ఈ సంగతి మీలో కొందరికి ఇదివరకే మూడుసార్లు రాశాం. మొదటి ఉత్తరానికి జవాబుగా, మళ్లీ ఇంటికి రావాలంటే ఎంత తీసుకుంటారో ఆ వివరాలు వచ్చాయి. రెండోదానికి కొత్త కోర్సు మొదలవుతోందన్న కబురు వచ్చింది. మూడోదానికి ఏమీ రాలేదు. అందుకే ఈసారి అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాం.

ముందు నా సంగతి చెప్తాను. అమ్మ పోయాక ఆవిడ ఇంట్లో సామానంతా నా ఇంటికి చేరింది. తోబుట్టువులు దూరాన ఉన్నారు, ఆ ఇల్లు ఖాళీ చేసివ్వాల్సిన గడువు దగ్గరపడింది, ఒక్కొక్కటీ చూసి తేల్చుకునే తీరిక గానీ మనసు గానీ లేక అన్నీ మూటలు కట్టి తెచ్చి వెనకగదిలో పెట్టాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. రెండేళ్లు ఆ గది తలుపు తీయలేదు. ఆ గదిలో ఉండాల్సినవన్నీ ఈలోగా హాల్లోకి, మంచం కిందకి, బీరువా పైకి వచ్చేశాయి. చివరికి డబ్బిచ్చి ఒక సలహాదారును పిలిపించుకున్నాను. ఆయన ఇద్దరు మనుషులతో వచ్చి ఒక్క రోజులో గది ఖాళీ చేశారు. పని చురుగ్గానే జరిగింది, కాదనను. ఏడాదిగా వాడలేదంటే ఇక అక్కర్లేనట్టే అన్న ఒక్క సూత్రం మీద అంతా నడిచింది. సాయంత్రానికి గది మెరిసిపోతోంది, ఫొటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు.

నాలుగు రోజులయ్యాక తెలిసింది, నాన్న అమ్మకు రాసిన ఉత్తరాల సంచి పాత కాగితాల కట్టలతో పాటు వెళ్లిపోయిందని. ఫోన్ చేసి అడిగితే, మీరూ అక్కడే ఉన్నారు కదా అన్నారు. ఉన్నాను. పొద్దున్నుంచి వందలసార్లు ఉంచాలా తీసేయాలా, ఉంచాలా తీసేయాలా అని అడుగుతూ ఉంటే మధ్యాహ్నం దాటేసరికి నా నోటి నుంచి తీసేయండి అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు, ఆ ప్రశ్న ఆగిపోతే చాలనిపించింది. తొమ్మిది వారాలకు గది మళ్లీ నిండింది. ఉత్తరాలు మాత్రం తిరిగి రాలేదు.

ఇది నా ఒక్కదాని కథ అయితే ఈ లేఖ రాసేదాన్ని కాదు. ఈ లేఖ వెనక ఆరుగురం ఉన్నాం. భార్య పోయాక ఆవిడ బట్టల బీరువా తీయలేకపోతున్న ఒక రిటైర్డ్ పెద్దాయన, కవల పిల్లల తల్లి, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉందని పెద్దయ్యాక తెలుసుకున్న ఒక కుర్రాడు, నడుంనొప్పితో వంగలేని ఒకావిడ, రాత్రి షిఫ్టులు చేసే ఒక నర్సు, నేను. అందరం మీ సలహాలు విన్నవాళ్లమే. కొందరం మీకు డబ్బిచ్చినవాళ్లం కూడా. అందరి ఇళ్లూ కొన్నాళ్లు బాగుపడి, ఆ తర్వాత ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు మిగిలిపోయాయి.

ఏడాదిన్నరగా మేం చేస్తున్న పని ఏంటో చెప్తాను, ఎందుకంటే మా డిమాండ్లన్నీ అక్కడి నుంచే వచ్చాయి. వారానికి నాలుగు రోజులు, రాత్రి తొమ్మిదింటికి ఆరుగురం ఫోన్‌లో కలుస్తాం. నర్సుగారు డ్యూటీలో ఉన్న రోజు ఐదుగురమే. ఒక్కొక్కరం ఆ రోజు పట్టుకోబోయే చోటు ఏదో పైకి చెప్తాం. గది పేరు చెప్తే ఒప్పుకోం, మరీ చిన్న చోటు కావాలి: మంచం పక్క సొరుగు, చెప్పుల స్టాండు కింది అర, కుర్చీ మీద బట్టలు. తర్వాత స్పీకర్ ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టి 25 నిమిషాలు ఎవరి పని వాళ్లం చేసుకుంటాం. మాటలుండవు. సంచి చప్పుడు, డబ్బా మూత చప్పుడు, ఎవరో నిట్టూర్చడం, అంతే వినిపిస్తాయి. టైమర్ మోగాక ఏం చేశామో చెప్తాం. ఏమీ చేయలేకపోయినా చెప్తాం. పెద్దాయన మొదటి ఐదు వారాలు బీరువా ముందు కుర్చీ వేసుకుని ఊరికే కూర్చున్నారు, ఈ రోజు కూడా తీయలేదమ్మా అని చెప్పేవారు, ఎవరం ఏమీ అనలేదు. ఆరో వారం ఒక అర తీశారు. ఇప్పుడు ఆ బీరువాలో సగం ఆయన పుస్తకాలున్నాయి, సగం ఇంకా ఆవిడ బట్టలే ఉన్నాయి, అలా ఉండటం ఆయనకు ఇష్టం.

పక్కన ఇంకొకరు ఉంటే పని కదులుతుందన్నది మేం కనిపెట్టింది కాదు. 1898లోనే నార్మన్ ట్రిప్లెట్ అనే మనస్తత్వ పరిశోధకుడు, సైకిల్ పందేలలో ఒంటరిగా తొక్కేవాళ్ల కంటే ఇంకొకరితో కలిసి తొక్కేవాళ్లు వేగంగా వెళ్తున్నారని గమనించి దాని మీద పరిశోధన రాశారు. అంతకంటే మా విషయానికి దగ్గరైనది 2018లో అచ్చయింది. సామాను విపరీతంగా పోగేసే జబ్బు ఉన్న 323 మందిని రెండు రకాల బృందాల్లో పెట్టి చూశారు. ఒక రకం బృందాలను సైకాలజిస్టులు నడిపారు, రెండో రకాన్ని వాళ్లలాంటి మామూలు మనుషులే, శిక్షణ తీసుకుని నడిపారు. రెండింటిలోనూ జనం మెరుగుపడ్డారు, తోటివాళ్లు నడిపిన బృందాలు నిపుణులు నడిపిన వాటికి తీసిపోలేదు. జబ్బుగా ముదిరిన చోటే తోటి మనిషి సాయం ఇంత పని చేస్తే, మామూలుగా చిందరవందరైన మా ఇళ్లకు ఎంత చేస్తుంది? మీరేమో మమ్మల్ని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, విడిగా పాఠం చెప్పి, విడిగా ఓడిపోనిస్తున్నారు.

ఈ పద్ధతి వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో, మీరేం మార్చాలో, ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. మీరు చూపించే ముందు, తర్వాత ఫొటోల మధ్య ఉన్నది ఒక్క రోజు. మా జీవితమంతా ఆ రెండో ఫొటో తర్వాత మొదలవుతుంది. ఉత్తరాలు వస్తాయి, పిల్లలకు చెప్పులు చిన్నవవుతాయి, ఎవరో జబ్బుపడతారు, రెండు వారాలు ఎవరూ ఏమీ ఎత్తిపెట్టరు. అది మామూలే అని మీరెవరూ చెప్పకపోవడంతో, ఇల్లు మళ్లీ నిండగానే లోపం మాలోనే ఉందనుకుంటాం. కవల పిల్లల తల్లి అలా అనుకునే ఏడాది పాటు అసలు ప్రయత్నమే మానేసింది. ఇల్లు సర్దడంలో ప్రపంచమంతా పేరున్న మేరీ కొండో 2023 జనవరిలో, మూడో బిడ్డ పుట్టాక తన ఇల్లు అంత పొందిగ్గా ఉంచుకోవడం కొంతవరకు వదులుకున్నానని, ఇప్పుడు పిల్లలతో గడిపే సమయమే ముఖ్యమని చెప్పారు. ఆ వార్త చదివి మా కవలల తల్లి ఏడ్చేసింది, అదీ ఊరటతో. అంత పెద్దావిడ ఆ ఒక్క మాట చెప్పినందుకు ఎంతమంది గుండెలు తేలికపడ్డాయో మీరు ఊహించండి. కాబట్టి మా మొదటి డిమాండ్: మీరు సర్దిన ప్రతి ఇంటినీ మూడు నెలల తర్వాత మళ్లీ చూపించండి, ఎలా ఉంటే అలా. మళ్లీ నిండిన ఇళ్లను దాచకండి. అవి ఎందుకు నిండాయో చెప్తే అందులోనే మాకు అసలు పాఠం ఉంటుంది.

జపాన్ ఫ్యాక్టరీల్లో పుట్టిన 5ఎస్ పద్ధతిని మీలో చాలామంది ప్రస్తావిస్తారు. అందులో అక్కర్లేనివి వేరుచేయడం మొదటి మెట్టు మాత్రమే. తర్వాత చోటు చూసి పెట్టడం, శుభ్రం చేయడం, ఆ మూడింటినీ ఒక పద్ధతిగా స్థిరపరచడం, చివరగా దాన్ని అలవాటుగా నిలబెట్టడం. ఐదింట్లో చివరి రెండూ నిలబెట్టుకోవడం గురించే. పైగా ఫ్యాక్టరీలో ఆ పని ఒక్క మనిషి మీద పడేయరు, అక్కడ పనిచేసే వాళ్లందరికీ అందులో వాటా ఉంటుంది, పని గంటల్లోనే దానికి సమయం కేటాయిస్తారు. ఇంటికి వచ్చేసరికి మీరు ఆ చివరి రెండు మెట్లనూ, ఆ కలిసి చేయడాన్నీ పక్కన పెట్టేసి, పారేయడం ఒక్కటే నేర్పుతున్నారు.

2. బద్ధకం అన్న మాట వాడటం ఆపండి. ఒక వస్తువు చేతిలోకి తీసుకుని ఉంచాలా వద్దా అని తేల్చడం ఒక నిర్ణయం. ఒక సొరుగులో అలాంటివి 60, 70 ఉంటాయి. మనదైపోయిన వస్తువుకు మనసు ఎక్కువ విలువ కడుతుందని 1990లో కానమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు చేసిన కప్పుల ప్రయోగం తేల్చింది: కప్పు చేతికిచ్చినవాళ్లు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్న ధరకు రెట్టింపు కంటే ఎక్కువ. అది ఏ జ్ఞాపకమూ లేని, అప్పుడే చేతికొచ్చిన కప్పు. అమ్మ ముప్పై ఏళ్లు వాడిన గిన్నె సంగతి ఇక చెప్పాలా. ఆఫీసులో, ఆస్పత్రిలో రోజంతా నిర్ణయాలు తీసుకుని అలసిపోయి వచ్చిన మనిషికి రాత్రి చేతులాడకపోతే దానికి బద్ధకం అని పేరు పెడుతున్నారు. ఆ మాట విన్న మనిషి లేచి పని చేయదు, తలుపేసుకుంటుంది. మా నడుంనొప్పి ఆవిడ ఇంట్లో కుళాయి కారుతుంటే ఏడు నెలలు ఎవరినీ పిలవలేదు, వచ్చినవాడు ఇల్లు చూస్తాడేమోనని. ఏడు నెలలు బకెట్ పెట్టుకుని గడిపింది. నర్సుగారి అమ్మాయి తన స్నేహితులను ఇంటికి తీసుకురావడం మానేసింది, ఎందుకని అడిగితే వాళ్లకు కుదరదులే అమ్మా అనేది. సిగ్గు చేసే పని ఇదే.

3. ఇంటిని చూసి ఇల్లాలిని చూడాలన్న సామెతను మీరు పైకి అనరు గానీ, మీ పాఠాలన్నీ దాని మీదే నిలబడ్డాయి. మీరు మాట్లాడేది ఎప్పుడూ ఆడవాళ్లతోనే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం, ప్రపంచంలో జీతం లేకుండా చేసే ఇంటి చాకిరీ, సంరక్షణ గంటల్లో 76.2 శాతం ఆడవాళ్లే చేస్తున్నారు. రోజుకు వాళ్లు సగటున 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్లు 1 గంట 23 నిమిషాలు. 2010లో అచ్చయిన ఇంకో పరిశోధనలో ముప్పై జంటల చేత తమ ఇల్లు తిరుగుతూ వివరించమన్నారు, వాళ్ల ఒంట్లో ఒత్తిడి హార్మోన్ కార్టిజాల్‌ను రోజంతా కొలిచారు. చిందరవందర గురించి, మిగిలిపోయిన పనుల గురించి ఎక్కువగా మాట్లాడిన భార్యల్లో ఆ హార్మోన్ సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గలేదు, రోజు గడిచేకొద్దీ మనసు దిగులుపడటం కూడా ఎక్కువగా కనిపించింది. సామాను నలుగురిదీ, టెన్షన్ ఒక్కరిదీ అన్నమాట. మా డిమాండ్ ఇది: ఇంటికి వచ్చేముందు ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారో అడగండి, సామాను వాడేవాళ్లందరూ ఆ రోజు ఇంట్లో ఉంటేనే రండి. ఎవరి వస్తువు గురించి వాళ్లనే అడగండి. ఆయన పాత వైర్ల డబ్బా గురించి ఆవిడను అడిగి, ఆవిడ తీసేయమంటే తీసేసి, ఆ రాత్రి వాళ్లిద్దరినీ గొడవకు వదిలేసి వెళ్లకండి.

4. నేల మీద సామాను గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది కింద పడి చనిపోతున్నారు, ఎక్కువ ముప్పు 60 ఏళ్లు దాటినవాళ్లకు. మీ పాఠాలన్నీ బీరువాలో రంగుల వారీగా బట్టలు పెట్టడంతో మొదలవుతాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో ముందు చేయాల్సింది మంచం నుంచి బాత్రూమ్ దాకా, గది నుంచి వీధి తలుపు దాకా దారి ఖాళీ చేయడం. బీరువా ఎలా ఉన్నా ఎవరి తుంటి ఎముకా విరగదు. ఇది మొదటి పాఠంగా పెట్టండి.

5. కొందరి విషయంలో ఇది జబ్బు, దాన్ని గుర్తుపట్టడం మీకు తెలిసి ఉండాలి. సామాను విపరీతంగా పోగేయడాన్ని, తీసేయాలంటే తట్టుకోలేనంత బాధ కలగడాన్ని అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో, మానసిక రుగ్మతలను గుర్తించడానికి డాక్టర్లు వాడే తన పుస్తకం డీఎస్ఎం-5లో విడిగా ఒక రుగ్మతగా చేర్చింది. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ అది ఉంది. నూటికి ఇద్దరి నుంచి ఆరుగురి దాకా ఉండొచ్చని డీఎస్ఎం-5 అంచనా. అంటే మీరు వెళ్లే ఇళ్లలో ఇలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల ఇంటిని ఒక్క రోజులో బలవంతంగా ఖాళీ చేస్తే జబ్బు తగ్గదు, సామాను మళ్లీ చేరుతుంది, మనిషికి సాయం చేయవచ్చేవాళ్ల మీద నమ్మకం కూడా పోతుంది. గుర్తుపట్టడానికి తేలికైన సాధనం ఒకటి 2008 నుంచీ ఉంది, తొమ్మిది ఫొటోల కొలత. వంటగది, పడకగది, హాలు, ఒక్కోదానికి దాదాపు ఖాళీ నుంచి నిలువునా నిండిపోయేదాకా తొమ్మిది ఫొటోలు ఉంటాయి, మన గది దేనికి దగ్గరగా ఉందో చెప్పాలి. నాలుగు, ఆపైన వస్తే నిపుణుల సాయం గురించి ఆలోచించాలి.

మేం నెలకోసారి ఆ ఫొటోలతో మా గదులు చూసుకుంటాం. దాని వల్ల ఇంకో మేలు కూడా జరిగింది, ఇది మేం ముందు అనుకోలేదు. మా ఇల్లు ఘోరంగా ఉంది, నరకంలా ఉంది అనే మాటలు పోయి, హాలు మూడు నుంచి రెండుకొచ్చింది అని చెప్పుకుంటున్నాం. అంకె చెప్తే ఏడుపు రాదు. మా కుర్రాడి గది ఐదు వచ్చినప్పుడు మేమే డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నాం, వెళ్లాడు, ఇప్పుడు మాతోనూ ఉన్నాడు, అక్కడికీ వెళ్తున్నాడు. ఈ కొలత మీ దగ్గర ఉంచుకోండి, అవసరమైనచోట మా చేత కానిది ఇది, ఫలానా వాళ్లను కలవండి అని చెప్పండి. అలా చెప్పినందుకు మీ గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

6. పోయినవాళ్ల వస్తువులు వేరే. వాటికి ఏడాది వాడలేదన్న సూత్రం పెట్టకండి. మొదటి రోజు వాటి జోలికే వెళ్లకండి. ఒక డబ్బాలో పెట్టి, పేరు రాసి, తేదీ వేసి, ఈ డబ్బా మీ ఇష్టం వచ్చినప్పుడు అని చెప్పి వదిలేయండి. కాగితాల కట్ట ఏదైనా బయటికి వెళ్లేముందు ఆ ఇంటి మనిషి చేత్తో ఒకసారి తిరగేసి చూడాలి, తప్పనిసరిగా. ఫొటో తీసి ఉంచుకోవడం నిజంగా సాయం చేస్తుందని తేలింది: 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో, హాస్టల్ విద్యార్థులకు జ్ఞాపకమున్న వస్తువులను ఫొటో తీసుకుని ఇచ్చేయమని చెప్పినచోట 613 వస్తువులు వచ్చాయి, ఊరికే ఇచ్చేయమన్నచోట 533. మనిషి వస్తువును వదల్లేకపోవడం లేదు, జ్ఞాపకాన్ని వదల్లేకపోతోంది. నా వెనకగదిలో ఆ రోజు ఫోన్‌తో ఫొటోలు తీసే మనిషి ఒకరు ఉన్నారు. ఆయన తీసింది ఖాళీ అయిన గదిని.

7. ముందే డబ్బాలు, బుట్టలు, అరలు అమ్మకండి. మా ఆరుగురి ఇళ్లలో ఖాళీ డబ్బాలే ఒక కుప్ప అయ్యాయి. తీసేయాల్సినవి తీసేశాక, మిగిలినవాటిని కొలిచి, అప్పుడు కావాలంటే కొనుక్కుంటాం.

8. బయటికి వెళ్లిన సంచి ఎక్కడికి వెళ్తుందో కూడా చెప్పండి. గడప దాటితే మీ వీడియో అయిపోతుంది, వస్తువు అయిపోదు. 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త వచ్చిందని, అందులో 22.3 శాతమే సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేశారని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ఇచ్చిన నివేదిక చెప్తోంది. పాత ఫోన్లు, ఛార్జర్లు, ఉబ్బిన బ్యాటరీలు మామూలు చెత్తలో వేస్తే చెత్త బండిలో నిప్పు అంటుకోవచ్చు, ఆ బండి మీద మనుషులుంటారు. గడువు దాటిన మందులు సింక్‌లో పోయొద్దు. చిరిగిన బట్టలు, కాలు విరిగిన కుర్చీలు దానం పేరుతో ఇచ్చేస్తే తీసుకున్నవాళ్లకు అది ఇంకో చాకిరీ. మేం ఇప్పుడు ప్రతి సంచి మీదా అది ఎక్కడికి వెళ్లాలో ముందే రాస్తాం, రాయలేకపోతే ఆ సంచి మూతి కట్టం. సర్దుడు ఆలస్యమవుతుంది, నిజమే. అయినా, ఎక్కడికి పోతుందో తెలిశాక చాలా వస్తువులను వదలడం తేలికైంది, ఎవరో వాడతారన్నది తెలిస్తే చెయ్యి దానంతటదే తెరుచుకుంటుంది. మీ పాఠాల్లో దీనికి సగం సమయం ఇవ్వండి.

9. అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే. మీ దగ్గరికి వచ్చేవాళ్లను ఒకరితో ఒకరిని కలపండి. మీకు వేలమంది తెలుసు, మాకు ఒకరికొకరం తెలియడానికి ఐదేళ్లు పట్టింది. అదీ ఒక ఆస్పత్రి వరండాలో అనుకోకుండా మాట కలిసి, ఇద్దరం ముగ్గురమై, ముగ్గురం ఆరుగురమయ్యాం. మీరు తలుచుకుంటే ఇది ఒక్క వారం పని. ఐదారుగురిని ఒక జట్టుగా చేయండి, ఒకే సమయానికి కూర్చునేలా చూడండి, మొదటి నెల మీలో ఒకరు ఉండి నడిపించండి, ఆ తర్వాత వాళ్లకే వదిలేయండి. దీనికి డబ్బు తీసుకోకండి.

జట్టుకు మాకు తెలిసిన నాలుగు నియమాలు చెప్తాను, పనికొస్తే వాడుకోండి. ఒకరి ఇంటి గురించి ఇంకొకరు తీర్పు చెప్పకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు, ఇది మాకు అన్నిటికంటే కష్టమైంది, నాకు మరీ. ఫొటో పంపాలన్న బలవంతం ఉండకూడదు. రాలేకపోయినవాళ్లను ఎందుకు రాలేదని అడగకూడదు, మళ్లీ వచ్చినప్పుడు రండి అంటే చాలు. కుర్రాడు ఒకసారి ఆరు వారాలు కనబడలేదు. తిరిగి వచ్చిన రోజు, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టే వచ్చాను అని చెప్పాడు. నాకు ఉత్సాహం వచ్చాక మొదలెడదాం అనుకుంటూ కూర్చున్న రోజుల్లో అది ఎప్పుడూ రాలేదు. తొమ్మిదింటికి ఫోన్ మోగుతుంది, ఐదుగురు ఎదురుచూస్తుంటారు, లేచి వెళ్తాను, పది నిమిషాలు గడిచాక ఉత్సాహం వస్తుంది. చాలాసార్లు అదే వరస.

ఈ లేఖ మీ చేతిలోంచి ఇంట్లోవాళ్ల చేతికి కూడా వెళ్తుందని తెలుసు, అందుకే వాళ్లకూ రెండు మాటలు. అమ్మా, నాన్నా, అత్తయ్యా, ఏవండీ, పిల్లలూ, మేం ఒక సొరుగు సర్ది చూపించినప్పుడు, మరి ఆ మూల సంగతేంటి అని అడగకండి. ఆ మూల మాకు కనబడుతూనే ఉంది. మేం లేనప్పుడు మాకు సాయం చేద్దామని మా వస్తువులు తీసేయకండి. వచ్చి పక్కన కూర్చోండి. మీ పుస్తకం మీరు చదువుకోండి, మీ ఫోన్ మీరు చూసుకోండి, ఆ కాసేపు లేచి వెళ్లకుండా ఉంటే చాలు.

సలహాదారులారా, ఈ తొమ్మిదింటిలో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో, ఎందుకు చేయలేరో నెల రోజుల్లోగా బహిరంగంగానే చెప్పండి. చేయలేమన్నా వింటాం, జవాబు లేకపోవడం మాత్రం ఇక ఒప్పుకోం. చెప్పేముందు మాలాంటి జట్టు ఎలా నడుస్తుందో చూడాలనుకుంటే మీలో ఎవరైనా రండి. రాత్రి తొమ్మిదింటికి మొదలవుతుంది, మాట్లాడాల్సిన పని లేదు, మీ ఇంట్లోనే ఒక సొరుగు ఎంచుకుని దాని ముందు కూర్చోండి.

ఇట్లు,
ఆరుగురి తరఫున, వెనకగదిలో ఇంకా నాలుగు మూటలు మిగిలి ఉన్న ఒకామె